ఎరిగినవాని యెదుట

గిద్దలూరు ప్రాంతమున ఆంగ్లికను సంప్రదాయమునకు చెందిన దేవాలయములలో ప్రభుభోజన సంస్కారము ఆరంభమగునపుడు, పాపముల ఒప్పుకోలునకును, సువార్త పఠనమునకును, కానుకలకును ముందుగా ఉచ్చరింపబడు చిన్న ప్రార్థన యొకటి కలదు. అందు వర్షము కొఱకైన యాచన లేదు. వ్యాధినివారణ కొఱకైన మొఱ లేదు. చేసిన పుణ్యకార్యముల ప్రస్తావన మొదలే లేదు. ఏ దేవుని యెదుట ఏ హృదయమునకును తలుపు వేయుట సాధ్యము కాదో ఆ దేవునితో, మా తలంపుల మాలిన్యమును నీ యాత్మచేత నీవే కడుగవలెను, అటుపిమ్మట గాని నిన్ను నిజముగా ప్రేమించుట మావలన కాదు, అని విన్నవించుకొనుటతో అది ముగియును. నిమిషమైనను పట్టని యీ ప్రార్థన పదునొకండవ శతాబ్దము నాటికే లాటిను భాషలో నున్నది. మధ్యయుగపు ఇంగ్లండులో గురువు పూజావస్త్రములు ధరించుచు, సంఘము ఎదుటికి రాకమునుపు, దానిని తనలో తాను చెప్పుకొనెడివాడు. 1549లో ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మరు ఆంగ్ల ప్రార్థనా గ్రంథమును కూర్చినపుడు ఆ రహస్యపు మాటను ఆరాధనలోనికి దెచ్చి, సంఘమంతయు వినునట్లు మొదట నిలిపెను. గురువునకు మాత్రమే యవసరమనుకొన్న చిత్తశుద్ధి దున్నువానికిని నేయువానికిని సమానముగా నవసరమని దాని తాత్పర్యము. నల్లమల యంచున మెట్టచేలలో కూలికి పోవు మనుష్యుడు ఆదివారపు టుదయమున ఆ ప్రార్థనకు ఆమేన్ అనునపుడు, ఒకప్పుడు గురువులు ఏకాంతమున చెప్పుకొన్న మాటకే ఆమేన్ అనుచున్నాడు.

గుంటూరునుండి గుంతకల్లు పోవు రైలుమార్గము మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషనులను దాటి నల్లమల కనుమలలోనికి పోవును. ఈ కొద్దిపాటి ప్రయాణములోనే ప్రొటెస్టంటు క్రైస్తవము యొక్క రెండు భిన్న సంప్రదాయములు మనకు ఎదురగును. 1970లో నూతన జిల్లా యేర్పడి ఒంగోలుతో ముడివడువఱకు ఈ తాలూకాలన్నియు కర్నూలు జిల్లాలోనివే. గిద్దలూరు వైపు ఎస్.పి.జి. యను ఆంగ్లికను మిషనువారి సేవ నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు కేంద్రములతో పెనవేసికొని పెరిగి, నేడు సి.ఎస్.ఐ. నంద్యాల డయోసిసు క్రిందికి వచ్చినది. కంభము, మార్కాపురముల వైపు అమెరికను బాప్టిస్టు మిషనువారి సేవ ఒంగోలునుండి పడమటికి వ్యాపించి, 1880ల తొలినాళ్లలో కంభమునను, 1890లలో మార్కాపురమునను కేంద్రములను నెలకొల్పినది. ఒకరు గ్రంథము చూచి ప్రార్థింతురు. మరియొకరు కన్నులు మూసికొని, ఆ క్షణమున నోటికి వచ్చిన మాటలతో ప్రార్థింతురు. ఒకరు శిశువునకు బాప్తిస్మ మిత్తురు. మరియొకరు తన విశ్వాసమును తన నోట నొప్పుకొనగలవానిని గాని నీటిలోనికి దింపరు. ఈ భేదములను గూర్చి గ్రంథములు కొల్లలుగా వెలువడినవి; ఆ వాదమును తిరుగదోడుట నా యుద్దేశము కాదు. సర్వమును ఎరిగిన దేవుని యెదుట మనుష్యుడు నిష్కపటముగా నిలుచుట యెట్లను ప్రశ్నకు ఈ యిరువురును చెరియొక సాధనమును కల్పించుకొనిరి. ఆ సాధనములు పనిచేయు తీరే నాకు ముఖ్యము.

ప్రశ్న మిక్కిలి పాతది. దేవుడు సమస్తము నెరిగినవాడైనచో ఆయనకు మనము క్రొత్తగా చెప్పునదేమి? హిప్పో నగరపు బిషప్పు అగస్తీను, నాల్గవ శతాబ్దపు చివర తన ‘ఒప్పుకోలు’ గ్రంథమును ఆరంభమునుండి యంతమువఱకు దేవునితో సంభాషించుచున్నట్లే వ్రాయుచు, నడుమ తన్ను తానే యీ ప్రశ్న అడిగికొనెను. దాగుకొనువాడు తన కన్నులకే గంతలు కట్టుకొనును గాని దేవుని చూపునకు అందువలన లోటు రాదని ఆయన సమాధానపు సారము. నూటముప్పదితొమ్మిదవ కీర్తనను శ్రద్ధగా చదివినవారికి ఇంతకన్న సూక్ష్మమైన సంగతి యొకటి తోచును. ఆ కీర్తనకారుడు మొదటనే, దేవుడు తన కూర్చుండుటను, లేచుటను, నోట మాట పుట్టకమునుపే దానిని, సర్వమును ఇదివఱకే పరిశోధించి తెలిసికొన్నాడని ఒప్పుకొనును. ఆకాశమున కెక్కినను పాతాళమున పండుకొన్నను తప్పించుకొను మార్గము లేదని నడుమ వర్ణించును. తీరా చివరకు వచ్చి, నన్ను పరిశోధింపుమని వేడుకొనును! జరిగిపోయిన పనినే మరల చేయుమని యడుగుట యేమి? మొదట చెప్పినది దేవునికి గల జ్ఞానము. చివర అడిగినది ఆ జ్ఞానమునకు తానిచ్చు సమ్మతి. తప్పించుకొనజాలక చూడబడుట వేఱు, చూడుమని తానై నిలుచుట వేఱు. క్రైస్తవులు యథార్థహృదయ మనునది ఈ రెంటి నడుమ జరుగు ప్రయాణమే యని నా యభిప్రాయము.

ఆ ప్రయాణమునకు యేసు తన కొండమీది ప్రసంగమున చెప్పిన యుపాయము ఆశ్చర్యకరముగా సులభమైనది: చూచువారిని తొలగింపుము. ధర్మము చేయునపుడు బూర యూదింపవలదు; ప్రార్థించునపుడు లోపలి గదిలోనికి పోయి తలుపు వేసికొనవలెను; ఉపవసించునపుడు తలకు నూనె రాచికొని మొగము కడిగికొనవలెను. మనస్సును నేరుగా శుద్ధిచేసికొనుమని ఆయన చెప్పలేదు, ఏలయన అది మనుష్యునకు చేతనగు పని కాదు. మెప్పుకోలు దొరకు చోటినుండి లేచి రమ్మని మాత్రము చెప్పెను, అది చేతనగును. పడమటి పల్లెలలో ఈ యుపదేశమునకు ఒక చిక్కు వచ్చినది. నాలుగు గోడల నడుమ ఆరుగురు పండుకొను ఇంటిలో లోపలి గది యెక్కడిది? కాబట్టి దుప్పటి ముసుగే గది యైనది, కోడి కూయక ముందటి చీకటియే తలుపైనది. చేనిలో గట్టువార మోకరించువారును, ఇంటిలోనే గోడవైపు తిరిగి చెరగు తలమీదికి లాగికొని పెదవి కదలకుండ ప్రార్థించు తల్లులును కలరు. ఈ సంప్రదాయమున పుట్టి పెరిగిన సంఘములే నేడు కొన్నిచోట్ల రాత్రి పదిగంటలవఱకు మైకు పెట్టి, ఊరి పొలిమేరలు దాటునట్లు కన్నీటి ప్రార్థనలు వినిపించుట చూచినపుడు, బూర యూదవలదన్న వాక్యమును వారు ఏ పుటలో చదువుకొందురో యని యనిపించును. అయినను, ఆ కంఠములలో నిజమైన వేదన లేదనుటకు నేనెవరిని?

మనుష్యునకు మనుష్యుని హృదయము కానరాదను నీ సత్యము ఒక గొప్ప సమూహము విషయమున ఏ రీతిగా పరీక్షకు వచ్చెనో తెలియుటకు గుండ్లకమ్మ వెంట క్రిందికి పోవలెను. నల్లమలలో పుట్టి, కంభము కడ విజయనగరపు కాలమునాటి కట్టచే చెఱువుగా నిలిచి, తూర్పునకు మరలి, ఒంగోలునకు ఉత్తరమున వెల్లంపల్లి ప్రక్కగా పోయి సముద్రమున కలియు నది యది. 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ప్రజలు పిలిచినట్లు క్లౌ దొర, మరుసటి సంవత్సరము జనవరి 1న ఎనమండుగురితో అచ్చట సంఘమును స్థాపించెను. 1876లో ధాత కరువు వచ్చినది. రెండేండ్లకు పైగా దక్షిణదేశమును దహించిన యా క్షామమున ప్రభుత్వము కూలి కల్పించుటకై బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండగా, క్లౌ దొర మూడున్నర మైళ్ల త్రవ్వకమును తాను కాంట్రాక్టునకు తీసికొని, వేలకొలది జనులకు పని చూపెను. పగలు మన్ను మోసిన వారికి విశ్రాంతి వేళలలో తెలుగు ఉపదేశులు సువార్త చెప్పుచుండిరి. వినినవారిలో అసంఖ్యాకులు బాప్తిస్మము కోరిరి.

ఆయన ఇయ్యలేదు. పదునైదు మాసములు ఒక్కరికైనను ఇయ్యలేదు. సంఖ్యలతో నివేదికలు నింపుటకు ఇంతకన్న అనువైన కాలము ఏ మిషనరీకి దొరకెడిది కాదు. సముద్రము ఆవల చందాలిచ్చువారు అట్టి నివేదికలనే యాశించుచుండిరి. కాని వచ్చినవాడు అన్నమునకై వచ్చెనో ఆత్మకై వచ్చెనో తేల్చుట తనవలన కాదని ఆయన గ్రహించెను. ఇచ్చటనే ఆయన వివేకము కానవచ్చుచున్నది. హృదయములు చీల్చి చూచు ప్రశ్నలను ఆయన కల్పింపలేదు, ప్రమాణములు చేయింపలేదు. అన్నము తన చేతిలో నున్నంతకాలము నీటిని ఇయ్యకుండెను, అంతే. వానలు కురిసి, పంటలు వచ్చి, కాలువ పని ముగిసి, ఇక మిషనునుండి రాబడి లేదని అందరికి స్పష్టమైన తరువాత, అప్పటికిని రావలెనని యున్నవారు రావచ్చునని చెప్పెను.

వారు వచ్చిరి. 1878 జూను మధ్యలో బాప్తిస్మములు ఆరంభమైనవి. జూలై 2న వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో 614 మందియు, మరునాడు 2,222 మందియు, ఆ మరునాడు 700 మందియు నీట మునిగి లేచిరి. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురు వంతులు వేసికొని, ఒక్కొక్క మారు ఇద్దరు చొప్పున నదిలో నిలిచి ఆ పని నడపిరి. జూలై చివరి నాటికి మొత్తము 8,691 మంది సంఘమున చేరిరి. ప్రపంచ క్రైస్తవ చరిత్రలో మాటిమాటికి ఉదాహరింపబడు సంఖ్య 2,222. దానికన్న, దానికి ముందు గడచిన పదునైదు మాసముల సున్న గొప్పదని నేననుకొందును.

ఆ దినములలో చేరినవారిని ‘కూటి క్రైస్తవులు’ అని వెక్కిరించువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. ఈ మాట అన్యాయమైనది. చరిత్ర దృష్ట్యా మాత్రమే కాదు, ధర్మదృష్ట్యా కూడ. కూటికొఱకే కోటివిద్యలని మన లోకమంతయు ఒప్పుకొని, మాదిగపల్లెకు మాత్రము ఆకలి లేని విశ్వాసమును విధించుట యేమి న్యాయము? యేసు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారము అడుగబడినది. రొట్టెలు తిని తృప్తిపొందినందున నన్ను వెదకుచున్నారని ఆయన ఒక సమూహమును మందలించిన మాట నిజమే. అయితే ముందు రోజున వారికి రొట్టెలు పెట్టినవాడును ఆయనయే. పంచములకు బడియు, గౌరవముగా పిలుచు పిలుపును, సమానముగా కూర్చుండు చాపయు కావలసియుండెను. ఈ కోరికలును దైవభక్తియు వేఱువేఱు పాత్రలలో నుండవు. ఒకే హృదయమున కలసియుండును. వానిని విడదీసి చూడగలవాడు ఒక్కడే యని యొప్పుకొన్నచో, వెక్కిరించుటకు మనకు నోరు రాదు. క్లౌ దొర చేసిన జాప్యమునకును ఒక వెల యుండియే యుండును: ఎదురుచూచుచునే కరువునకు బలియైనవారు ఎవరైన నుండిరా, ఆ పట్టికలకెక్కని వారి లెక్క యెచ్చట నున్నది యని యడిగినచో, ఆ సంప్రదాయము చూపునది మరల సర్వజ్ఞుని వైపే.

మిషనరీ రాకమునుపు ఈ నేలలో అంతరంగశుద్ధిని గూర్చిన విచారము లేదనుకొనుట కూడ పొరపాటు. ఒంగోలు సంఘపు తొలిఫలములలో ముఖ్యుడు యెఱ్ఱగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారమునకై ఉత్తరమునకు పోయి, ఏలూరులో క్రైస్తవబోధ విని వచ్చిన మాదిగవాడు. ఆయన స్వగ్రామము ఒంగోలునకు పడమర దూరమున నుండెను. 1867 జనవరిలో క్లౌ దొర ఆ పల్లెకు పోయి, పేరయ్య చెప్పిన మాటలు విని నమ్మియున్న 28 మందికి బాప్తిస్మ మిచ్చి వచ్చెను. ఈ పేరయ్య అంతకుముందే బండికట్ల వీరమ్మ యను గురువుకడ రాజయోగ ముపదేశము పొందినవాడు. విగ్రహములను విడిచి, దేవుడు లోపల నున్నాడని కన్నులు మూసికొని కూర్చుండుట నేర్చినవాడు. క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథములో ఇట్టి మాదిగ గురువుల వృత్తాంతములను శ్రద్ధతో సేకరించినది. వేమన పద్యములు బాల్యమునుండి చెవిన బడుచున్న తెలుగు జనమునకు, పైవేషము వలన ప్రయోజనము లేదన్న మాట పరదేశమునుండి దిగుమతి కానక్కఱలేదు. యోగమార్గమున లోపల నున్న దేవుని కనుగొనుట సాధకుని పని. క్రైస్తవబోధలో సాధకుడు దేవునిచేత కనుగొనబడినవాడు. అంజూరపు చెట్టు క్రింద నున్న నతనయేలును పిలువకమునుపే యేసు చూచెనని యోహాను సువార్త చెప్పు కథ పేరయ్యవంటి వానికి ఎంత లోతుగా తాకియుండునో ఊహింపవచ్చును.

బాప్టిస్టుల సాధనములో రెండవ భాగము సాక్ష్యము. చేరగోరువాడు సంఘము ముందు నిలిచి, తన పూర్వజీవితమెట్టిదో, ఏమి మారినదో తన మాటలలో చెప్పవలెను, పెద్దలు అడుగుదురు. ఒంగోలు మండలమున తొలినాళ్లలో అడిగిన నియమములు మూడు: ఆదివారము పని మానవలెను, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చదువరికి ఇవి పైపై నియమములుగా తోచవచ్చును. కాని వెట్టిచాకిరిలో నున్న మాదిగవాడు ఆదివారము పని మానుట రైతు కోపమును కొనితెచ్చుకొనుట. జాతరలో డప్పు కొట్టనని చెప్పుట ఊరినంతటిని ఎదిరించుట. బావులు మూసిన కథలు, దొంగతనములంటగట్టిన కథలు ఆనాటి మిషను చరిత్రలలో విస్తారముగా నున్నవి. ఈ నియమములును క్లౌ దొర జాప్యము వంటివే: లోపలిని చూడజాలని పెద్దలు, లోపల నున్నది నిజమైనచో బయట ఏమి పోగొట్టుకొనుటకు సిద్ధపడునో చూచిరి. వచ్చిన చిక్కేమనగా, కాలము గడచి, పోగొట్టుకొనవలసినది తగ్గినకొలది, సాక్ష్యము కథాకథనమైనది. పూర్వపాపము ఎంత నల్లగా నున్న కథ అంత రక్తికట్టును. త్రాగుబోతుగా నుండినవాడు మరల మరల వేదిక యెక్కును, మర్యాదగా బ్రదికిన ముసలివిధవకు చెప్పుకొనుటకు ఏమియు లేనట్లగును.

గ్రంథము చూచి ప్రార్థించు సంప్రదాయమునకు ఈ వ్యాధి సోకదు. దాని వ్యాధి వేఱు. పెదవులు చదువుచుండ మనస్సు చేనిగట్టున తిరుగుచుండును. వ్రాసిపెట్టిన ప్రార్థన నిర్జీవమని బాప్టిస్టు సోదరుడనును; నిజము చెప్పవలెనన్న, అప్పటికప్పుడు కల్పించు ప్రార్థనలును నాలుగు వారములు వినినవానికి కంఠతా వచ్చును, ఏ సంబోధన తరువాత ఏ మాట వచ్చునో పిల్లలును చెప్పగలరు. నాకు మాత్రము గిద్దలూరు వారి పద్ధతి యందు కొంత పక్షపాతము గలదు. దుఃఖములో నున్నవానికిని, చదువు లేనివానికిని, విశ్వాసము సన్నగిల్లినవానికిని తన మాటలు దొరకవు. అట్టివాడు సంఘపు మాటలను అరువు తెచ్చికొని నిలువవచ్చును. తన వాక్చాతుర్యమును తాను వినుకొను ప్రమాదమును తప్పిపోవును. అరువు మాటలను స్వంతము చేయించుట గురువుల పని. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడై, తొలి భారతీయ ఆంగ్లికను బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ప్రతి విశ్వాసిచేతను తన చేతిని తన తలపైననే యుంచుకొనజేసి, తాను బాప్తిస్మము పొందినవాడనియు, సువార్త ప్రకటింపనిచో తనకు శ్రమ యనియు పలికించెడివాడు. మాటలు పౌలువి. తల మాత్రము పలుకువానిదే. చేయి తలమీద పడినపుడు పరధ్యానము నిలుచుట కష్టము.

ఈ రెండు సంప్రదాయములును కలసికొను చోటు పాట. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి మొదలుగా గలవారు కర్ణాటక రాగములలో రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున చేరి, మిషను భేదములను లెక్కింపక ప్రతి దేవాలయమునకును పోయినవి. పశ్చాత్తాప కీర్తనలు పెక్కు నేను, నాది యను ఏకవచనములోనే నడచును. నూరుగురు ఒక్కసారిగా నేను పాపినని పాడుచుండగా ఏ యొక్కడును వేఱుగా కనబడడు, వేఱుగా తప్పించుకొనడు. సమూహములోనే యేకాంతము దొరకు చిత్రమైన యేర్పాటిది. మోకరించుటకు గది లేని ఇండ్లవారికి ఇది ఎంత ఉపకారమో!

ప్రభుబల్ల విషయమునకు వచ్చి ముగింతును. బల్లను సమీపింపకముందు ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఒకడు మరియొకని పరీక్షింపవలెనని వ్రాయలేదు. సహోదరునికి నీమీద విరోధమున్నచో అర్పణమును బలిపీఠము నొద్ద విడిచి, మొదట పోయి సమాధానపడుమని యేసు చెప్పిన మాట దీనికి తోడైనది. అందుచేత పల్లె సంఘములలో ప్రభుబల్ల ఆదివారము దగ్గఱపడుచున్నకొలది పాత తగవులు కదలును. గట్టు జరిపినవాడు, అప్పు ఎగవేసినవాడు, కోడలిని మాట తూలిన అత్త, వీరికి ఆ వారము కొంత కష్టము. పెద్దలు మధ్యవర్తులై కూర్చుండి, నీ మనస్సు మారినదా యని యడుగరు. ఆ ప్రశ్నకు ఎవడైనను మారినదనియే చెప్పును. గట్టురాయి మొదటి చోటికి చేరినదా, అప్పులో ఈ నెల ఎంత చెల్లినది, ఇంటికి పోయి మాటలాడితివా యని యడుగుదురు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల నిత్తునని జక్కయ్య తనంతట తాను పలికినపుడు కూడ యేసు ఆయన హృదయస్థితిని గూర్చి ఒక్క ప్రశ్నయైన వేయలేదు. తగవు తీరనివాడు ఆ ఆదివారము బల్ల వచ్చినపుడు చేయి చాపక వెనుక వరుసలో కూర్చుండును. ఏలయని ప్రక్కవాడు అడుగడు. మరుసటి నెల అతడు ముందునకు వచ్చినచో అప్పుడును అడుగడు.